నా వాక్యానికి కప్పిన శాలువా

జనవరి 19, ఆదివారం

నా వాక్యం ఉన్న ఏడో కరపత్రం దొరికింది. శ్రీరాంపూర్ బస్టాండు పక్క గోడకు అంటించి ఉంటే, జిగురు ఆరకముందే నీళ్లు చల్లి మెల్లగా ఊడదీసి తెచ్చాను. లచ్చవ్వ చూసి, "గీ వయసుల గోడలు గీకుడేందయ్యా? మున్సిపాలిటోళ్లు చూస్తే నౌకరిస్తరు పో" అంది. నా భార్యకు నా సాహిత్యం మీద పెళ్లయిన నాటి నుంచీ చిన్నచూపే.

సాహిత్యమని ఎందుకు అనకూడదు? నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువు చర్చి కీర్తనల పుస్తకం నుంచి, మిర్చీలు కట్టి ఇచ్చిన పేపరు ముక్కల నుంచి కూడబెట్టుకున్నాను. మిర్చీ పేపర్లతో ఒక ఇబ్బంది ఉంది. వార్త మధ్యలో తెగిపోతుంది. ఒక హత్య కేసులో హంతకుడెవరో తెలుసుకోవడానికి వారం రోజులు అదే బండి దగ్గర మిర్చీలు తిన్నాను. తెలియలేదు, కడుపు పాడైంది. అలాంటివాడు 1998లో, జీతంలో మొదటిసారి ఆదాయపు పన్ను కోసిన నెలలో, ఢిల్లీలోని ఆర్థిక మంత్రికి మూడు పేజీల అర్జీ రాశాడు. ఆ మూడు పేజీలు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. ఒక్క వాక్యం బతికింది. కరపత్రాల వాళ్లు దాన్ని ఇష్టం వచ్చినట్టు మారుస్తున్నారు కాబట్టి అసలుది ఇక్కడ రాసి పెడతాను:

"నెత్తిమీది బండ ఎప్పుడు ఊడుతుందో తెలియని చోట చెమటోడ్చిన కూలిలో వాటా కావాలనుకునే సర్కారు, ఆ బండ కింద ఒక్క షిఫ్టు నిలబడి అడగాలి."

'మీ ఉత్తరం అందింది' అని ఢిల్లీ నుంచి ఒక కార్డు వచ్చింది. ఆ తర్వాత వాక్యం నా చేయి దాటి రాజకీయాల్లో చేరింది. ఈ ఇరవై ఏడేళ్లలో అన్ని రంగుల జెండాలూ దాన్ని మోశాయి. ఒకాయన 'షిఫ్టు' తీసేసి 'గంట' పెట్టాడు. గంటసేపు ఎవడైనా నిలబడతాడు, ఆ మాత్రం తెలియని మనిషి గని ఓట్లు అడగడానికి వచ్చాడు! గని కార్మికులకు పన్ను మాఫీ చేయాలని శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది కూడా. అందులో నా వాక్యం లేదు. దాని వాసనైనా ఉంటుందని నా నమ్మకం. ప్రతి ఎన్నికకూ మాఫీ వస్తుంది, ఎన్నిక కాగానే పోతుంది, పన్ను మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ ఏడో కరపత్రం పరశురాములుది. మా బొగ్గు గనికి యూనియన్ పిట్ సెక్రటరీ పేరు ఎప్పుడూ పైనుంచి కాగితం మీద వచ్చేది. ఈసారి సభ్యులే చీటీ వేసి ఎన్నుకోవాలట, మార్చి పదిన. పరశురాములు మీద నిలబడింది నా బిడ్డ గ్రేస్.

గనికి ఆడమనిషి సెక్రటరీగా నిలబడటం ఇదే మొదటిసారి. దీని గురించి గొప్పలు రాయకూడదనుకున్నాను. రెండు వాక్యాలకు మించలేదు కదా.

జనవరి 22

గ్రేస్ తన కరపత్రం రాసుకుంటోంది. ల్యాంప్ రూమ్ డ్యూటీ దిగి వచ్చి, చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా కూర్చుంది. నేను మెడికల్ అన్‌ఫిట్ అయినప్పుడు నా బదులు వచ్చిన ఉద్యోగం అది. గనిలోకి దిగే ప్రతి మనిషీ దాని కిటికీ ముందు నిలబడి, ఇత్తడి బిళ్ల ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. పైకి రాగానే దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు దిగాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఆరువందల మంది పేర్లు, వాళ్ల ఇళ్లలో జ్వరాలు, అన్నీ దానికి తెలుసు.

కరపత్రం తీసి చదివాను. దీపాల బ్యాటరీలు షిఫ్టు చివరిదాకా ఆగడం లేదు, మార్చాలి. పైన పనిచేసే ఆడవాళ్లకు బాత్రూము కావాలి. క్యాంటీన్ నీళ్లు పరీక్ష చేయించాలి. లోపల స్ట్రెచర్లు రెండు విరిగి ఉన్నాయి. ఇంతే.

"పన్ను మాఫీ ఏది బిడ్డా?"

"పెట్టలే బాపూ."

"యాది మరిచినవా?"

"యాది మరువలే. పిట్ సెక్రటరీ చేతుల ఉన్నదా అది? హైదరాబాద్ చేతుల సుత లేదు. ఢిల్లీ చేయాలె. నాతోని కాని పని కాగితం మీద ఎట్ల పెడుదు?"

"పరశురాములు పెట్టిండు గదా."

"గందుకే నేను పెట్టలే."

"అరే, చేస్తమని కాకుంటె అడుగుతమని పెట్టు. నా మాటనన్న పెట్టు. నీ అయ్య రాసింది వేరేటోడు వాడుకుంటుంటె..."

అది కలం కిందపెట్టి నా వైపు చూసింది. లచ్చవ్వ చూపే. "బాపూ, నీ మాట మంచిగున్నది. సప్పట్లు కొడుతరు. ఇగ దీపం బ్యాటరీ గురించి ఎవలన్న వింటరా?"

లేచి వచ్చేశాను. బిడ్డకు రాజకీయం తెలియదు. ఇది దాని మంచికే అంటున్నాను, వాక్యం మీద మమకారంతో కాదు.

జనవరి 23

గ్రేస్‌తో మాట్లాడలేదు. అది మాట్లాడింది, నేను జవాబు ఇవ్వలేదు.

ఫిబ్రవరి 1, శనివారం

పదకొండు గంటలకు టీవీ ముందు కూర్చున్నాను. బడ్జెట్ ప్రసంగం వినే అలవాటు నాకు అర్జీ నాటి నుంచీ ఉంది. లచ్చవ్వకు సీరియల్ ఎలాగో నాకు అది అలాగ. చాలాసేపు పప్పుల గురించి, చేపల గురించి చెప్పారు. ఇక లేద్దామనుకునే సమయానికి వచ్చింది, ఏడాదికి పన్నెండు లక్షల దాకా సంపాదనకు పన్ను లేదట!

సభలో బల్లలు చరిచారు. నేను మంచం కోడు చరిచాను.

గనిలో సీనియర్ల సంపాదన ఓవర్‌టైమ్, ఆదివారాలు కలిపి ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. చాలామందికి మాఫీ అయినట్టే! అందులో గని మాట, బండ మాట ఒక్కటీ లేదన్నది నిజం. ఢిల్లీలో ఇంకో నాలుగు రోజుల్లో ఓట్లు ఉన్నాయని, అక్కడ నెలజీతాల వాళ్లు ఎక్కువని పక్కింటి సిద్దిరాములు అన్నాడు. సిద్దిరాములు నా వెనక గనిలో చేరినవాడు, మార్చి ఆఖరున రిటైరవుతున్నాడు. "మనం భూమి కింద నుంచి ఇరవై ఏడేండ్లు మొత్తుకుంటె ఇననోళ్లు, మీదున్నోళ్లు ఓటేసే యాళ్లకు ఒక్క పొద్దుల ఇచ్చిండ్రు సామ్యూలన్నా" అన్నాడు.

వాడిదంతా చేదు నోరు. ఎవరి కోసం ఇస్తేనేం, మనకూ వచ్చింది. ఇరవై ఏడేళ్లుగా ఒక వాక్యం ఢిల్లీ గోడలకు తగులుతూ ఉంటే ఎక్కడో ఒక చోట పెచ్చు ఊడదా?

ఫిబ్రవరి 2

పేపరు మొత్తం చదివాను. పట్టిక కింద చిన్న అక్షరాల్లో, ఇది ఏప్రిల్ ఒకటి నుంచి వచ్చే సంపాదనకు అని ఉంది. చిన్న అక్షరాలు నా కళ్లకు సరిగా ఆనవు.

ఫిబ్రవరి 5

భూపాల్‌రావు మా క్వార్టరుకు వచ్చాడు. యూనియన్‌కు గౌరవాధ్యక్షుడు, ఖానాపూర్ దొరల కొడుకు, భైంసాలో పత్తి మిల్లు, వచ్చే ఎన్నికలకు ఎమ్మెల్యే టికెట్టు మీద కన్ను. పరశురాములు ఆయన మనిషి.

ఇక్కడ ఒక సంగతి రాయకపోతే మిగతాది అర్థం కాదు. మా బాపు ఖానాపూర్‌లో ఈయన తండ్రి పొలంలో జీతగాడు. ఆ దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని పోయేవాడు. మిషన్ వాళ్లు చర్చి కట్టి బెంచీలు వేశాక, మా బాపు జీవితంలో మొదటిసారి నలుగురి మధ్య బెంచీ మీద కూర్చున్నాడట. ఆ మొదటి ఆదివారం ప్రసంగంలో ఏం చెప్పారో ఆయనకు ఎప్పుడూ గుర్తులేదు. బెంచీ గుర్తుంది. అది టేకుదని చెప్పేవాడు.

ఆ దొర కొడుకు ఇవాళ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నేను చూశాను. లచ్చవ్వను కూడా చూడమని సైగ చేశాను.

"సామ్యూల్‌గారూ, మీరు రాసిన ఆ మాట ఫలించింది. శుక్రవారం గని ముందు విజయసభ పెడుతున్నం. మీరు స్టేజీ మీద ఉండాలె" అన్నాడు.

"పరశురాములు స్టేజీయా సార్?"

"స్టేజీకి పరశురాములేంది, గ్రేసేంది? ఇది కార్మికుల సంబురం. మీ సన్మానం."

గారూ అన్నాడు. నేను ఆలోచించి చెబుతానన్నాను. ఆయన కారు మలుపు తిరిగే లోపల ఆలోచన పూర్తయింది.

రాత్రి అన్నం దగ్గర చెప్పాను. గ్రేస్ అంది, "ఎప్పటి సంది వర్తిస్తదో చూసినవా బాపూ?"

"ఆయనకు ఢిల్లీల మనుషులున్నరు. తెలువకుంట సభ పెడుతడా?"

"నేను అడిగింది నువ్వు చూసినవా అని."

చూడలేదన్నాను.

ఫిబ్రవరి 7

సభ అయింది. మూడొందల మందికి తక్కువ లేరు, మొదటి షిఫ్టు దిగినవాళ్లు బొగ్గు మొహాలతోనే నిలబడ్డారు. పరశురాములు నా వాక్యం మైకులో చదివాడు. 'షిఫ్టు' అనే చదివాడు, 'గంట' అనలేదు. చప్పట్లు. నా జన్మలో అన్ని చప్పట్లు వినలేదు. నిజం చెప్పాలంటే లోపల బండ పగిలినప్పుడు కూడా అంత చప్పుడు వినలేదు.

భూపాల్‌రావు శాలువా కప్పాడు. కప్పుతూ కొంచెం వంగాడు. నేను పొట్టివాణ్ణి, వంగక తప్పదు, అయినా వంగాడు.

తర్వాత మైకు తీసుకుని, "ఇగ మన జీతంల నుంచి రూపాయి కోసుడు బంద్. పన్నెండు లక్షల దాక మాఫీ. ఇది మన కొట్లాట ఫలం, ఈ పెద్దమనిషి కలం ఫలం!" అన్నాడు. కింద నుంచి ఒకడు అరిచాడు, "మరి పన్నెండు దాటినోని సంగతేంది?" "దాటకుంట చూసుకోరి!" అని భూపాల్‌రావు నవ్వాడు. అందరూ నవ్వారు.

సిద్దిరాములు ముందు వరుసలో ఉన్నాడు. నా వైపు చూసి, నిజమేనా అన్నట్టు తల ఎగరేశాడు. నేను తల ఊపాను. శాలువా సర్దుకుంటూ ఊపాను. అది ఔనని ఊపడమా, శాలువా సర్దుకోవడంలో ఊగడమా అని ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను.

ల్యాంప్ రూమ్ కిటికీ స్టేజీకి ఎదురుగానే ఉంటుంది. గ్రేస్ అక్కడే డ్యూటీలో ఉంది. అటు చూడలేదు, ఎండ కళ్లల్లో పడుతోంది.

ఫిబ్రవరి 8

శాలువా ఉన్నిది. రానున్నది ఎండాకాలం.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో కూర్చోవడానికి చోటు దొరకలేదు! క్రిస్మస్‌కు తప్ప కనబడని మొహాలు వచ్చాయి. పాస్టరుగారు పులకించిపోయి పాట రెండుసార్లు పాడించారు. ఉజ్జీవం మొదలైంది, భక్తి మళ్లీ రగిలిందన్నారు.

ఉజ్జీవం కాదు. నేను వెనక బెంచీలో కూర్చుని ఒక్కొక్కరినీ గుర్తుపట్టాను. అందరూ సీనియర్లే. ఆదివారం గనిలో దిగితే రెట్టింపు మజూరీ. దాన్ని ప్లేడే అంటారు, ఆట రోజని పేరు పెట్టి అన్ని రోజుల కన్నా ఎక్కువ పని చేయించే ఏర్పాటు. దానికోసం మా చర్చి సంఘంలో సగం మంది ముప్పై ఏళ్లుగా దేవుడికి సాయంకాలం ఆరాధన మాత్రమే ఇస్తున్నారు. ఇప్పుడు సంపాదన పన్నెండు లక్షలు దాటకూడదని ప్లేడేలు మానేశారు. ఆదాయపు పన్ను చేసిన పని పాస్టరుగారి పదేళ్ల ప్రసంగాలు చేయలేకపోయాయి.

నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. లచ్చవ్వ మోచేత్తో పొడిచింది.

ఫిబ్రవరి 16

చర్చి ఇంకా నిండింది. ఇంటి ముందు సిద్దిరాములు కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నాడు. "నీ పుణ్యాన ఆదివారం ఎట్లుంటదో చూస్తున్న అన్నా" అన్నాడు. వాడికి చర్చీ లేదు, ఏం చేయాలో తోచక గేటుకు రంగు వేస్తున్నాడు. నాకేదో చెప్పాలనిపించింది. రంగు బాగుందన్నాను.

ఫిబ్రవరి 23

మూడో ఆదివారం. పేపరు కటింగు మళ్లీ తీశాను. కళ్లజోడు పెట్టుకుని చూసినా ఏప్రిల్ ఒకటే ఉంది.

మార్చి 3

జీతాలు పడ్డాయి.

ఫిబ్రవరి జీతంలోనే ఏడాది పన్నులో మిగిలినదంతా కోస్తారు. ఎప్పుడూ అంతే. ఈసారీ అంతే. వర్తించేది పాత లెక్క.

సిద్దిరాములు పగలు పదకొండింటికి జీతం చీటీ పట్టుకుని వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే తేలిగ్గా ఉండేది. మంచం అంచు మీద కూర్చున్నాడు.

"అన్నా, పన్ను కోసిండ్రు. సరే, ఏటా కోసేదే. ప్లేడేలు మానితి, గా పైసలు సుత పాయె. పైసల సంగతి పక్కన పెట్టు." చీటీ మోకాలి మీద పెట్టి చదును చేశాడు. "నాకు ఉన్నయే నాలుగు వారాలు. ఆదివారం మా గ్యాంగు మొత్తం దిగుతది, తెలుసు గదా నీకు. రిటైరైనంక మళ్ల దిగుతనా? పోయిన నాలుగు ఆదివారాలు గేటుకు రంగేసుకుంట కూసున్న."

నేను కళ్లజోడు తీసి తుడిచాను.

"నీకు తెల్వదా అన్నా? పేపరు నువ్వు చదువకుంటె ఎవలు చదువుతరు గీ కాలనీల?"

తెలియదని చెబుదామని నోరు తెరిచాను. "తెలుసు" అని వచ్చింది.

వాడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గట్లనా" అన్నాడు. లచ్చవ్వ చాయ్ తెచ్చేలోగా వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లలో వాడు ఈ ఇంట్లో చాయ్ తాగకుండా పోవడం చూడలేదు.

మార్చి 4

గ్రేస్‌తో అన్నాను, గని గేటు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేస్తానని.

అది బట్టలు మడుస్తోంది. తలెత్తకుండా అంది, "ఎన్నికైనంక చెప్పు."

"గప్పుడు చెప్తె ఏం ఫాయిద? గీ ఆదివారం ప్లేడేకు దిగాలె గదా వాళ్లు. ఇప్పుడన్న ఎరుకైతె..."

"ఇప్పుడు చెప్తె ఏమంటరో ఎరుకేనా బాపూ? బిడ్డ ఓడిపోతదని మాట మార్చిండు అంటరు. మొన్న శాలువా కప్పించుకొని, ఇయ్యాల బిడ్డ దిక్కు దుంకిండు అంటరు. నేను ఇల్లిల్లు తిరిగి నాతోని కానిది చెప్ప అని చెప్పుకున్న. గది సుత నాటకమే అంటరు."

"మరి చెప్పద్దా?"

అది నా చొక్కా రెండుసార్లు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"చెప్పు" అంది. "నా పేరు మాత్రం తియ్యకు."

లచ్చవ్వ వంటింట్లోంచి, "శాలువా కప్పుకొని పోతవా ఏంది?" అని అడిగింది. ఆమె వ్యంగ్యమాడిందో, మామూలుగా అడిగిందో నలభై ఏళ్లయినా నాకు అంతుపట్టదు.

మార్చి 6

వెళ్లాను. మొదటి షిఫ్టు దిగి రెండో షిఫ్టు ఎక్కే వేళ. మైకు లేదు, స్టేజీ లేదు. సైకిల్ స్టాండు గట్టు ఎక్కాను. ఈ వయసులో ఎక్కడానికే సగం ప్రసంగం అంత సమయం పట్టింది.

"ఇనుండ్రి. పన్నెండు లక్షలది ఏప్రిల్ ఒకటి సంది వచ్చే జీతానికి. గీ ఏడాదికి కాదు. నేను ఫిబ్రవరి రెండునే పేపర్ల చదివిన. స్టేజీ మీద గమ్మున కూసున్న. తప్పు నాది. ప్లేడేలు మానకుండ్రి."

వెనకనుంచి ఒక గొంతు, "మరి బండ కింద నిలబడి అడగాలె అన్నవు గదా తాతా! గదేమైంది?"

"గా మాట నాదే. మంచి మాట. ఇరవై ఏడేండ్లల దాని తోటి ఒక్క రూపాయి తగ్గలే. ఢిల్లీల ఓట్ల కోసం ఇచ్చిండ్రు, మనకు సుత అంటింది, గంతే. గని కోసం అని ఎవ్వలు ఇయ్యలే. ఇస్తమని చెప్పెటోన్ని నమ్మకుండ్రి. నేను చెప్పినా నమ్మకుండ్రి."

ఈ చివరి మాట బాగా కుదిరిందనుకున్నాను. అప్పుడే పరశురాములు ముందుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు, గొంతు పెద్దది.

"పెద్దాయనా, నాలుగొద్దులైతె ఎన్నిక. గిప్పుడే యాదికొచ్చిందా ఏప్రిల్?"

నవ్వులు. "బిడ్డ కోసం బాపు తిప్పలు!" అని ఇంకొకడు.

గ్రేస్ పేరు తీయనన్నాను కాబట్టి తీయలేదు. గట్టు దిగాను. దిగేటప్పుడు ఒకరు చెయ్యి అందించారు. చూస్తే సిద్దిరాములు. చెయ్యి గట్టిగా పట్టుకుని దించి వెళ్లిపోయాడు.

మార్చి 9, ఆదివారం

చర్చి సగం ఖాళీ. పాస్టరుగారు దిగులుపడి, శ్రమకాలం, ఈస్టర్ ముందు ఉపవాస దినాలు, మొదలుకాగానే మనుషులు చల్లబడ్డారన్నారు. నా మనసులో మాత్రం చాలా రోజుల తర్వాత ఆరాధన జరిగింది. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను, ఖాళీ బెంచీలు లెక్కపెట్టి సంతోషించిన విశ్వాసిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మార్చి 10

చీటీలు వేశారు. నాకు ఓటు లేదు. ఇంట్లో కూర్చుని కరపత్రాలను ఏడాది వారీగా సర్దాను. మళ్లీ కలిపేశాను.

మార్చి 11

తొమ్మిది ఓట్లు.

పరశురాములు గెలిచాడు. గ్రేస్ తొమ్మిది ఓట్లతో ఓడింది.

ఎవరి వల్ల అని ఎవరూ అనలేదు. లచ్చవ్వ కూడా అనలేదు. నాకు లెక్కలు వచ్చు. శాలువా రోజున ఎన్ని పోయి ఉంటాయి, గట్టు రోజున ఎన్ని పోయి ఉంటాయి అని వేసి చూశాను. ఎటు వేసినా తొమ్మిది కన్నా ఎక్కువే వస్తోంది.

గ్రేస్ భర్త జోయల్ ఖానాపూర్ బడిలో పంతులు. ఫోన్ చేసి, రేపు సెలవు పెట్టి ఇంట్లో ఉండమని చెప్పాడు. అది, "ఎందుకు, జ్వరమా నాకు?" అంది.

మార్చి 12

పొద్దున ఆరింటికి నేనూ గనికి పోయాను. చాయ్ కోసమని చెప్పాను. క్యాంటీన్ నుంచి ల్యాంప్ రూమ్ కిటికీ కనబడుతుంది.

వరుసలో ఒక్కొక్కరూ వచ్చారు. బిళ్ల ఇవ్వడం, దీపం తీసుకోవడం. దానికి ఓటు వేయనివాళ్లు తల దించుకుని బిళ్ల ముందుకు తోశారు. అది ప్రతి దీపాన్నీ వెలిగించి, ఆర్పి, బ్యాటరీ చూసి, పేరు పెట్టి పిలిచి ఇచ్చింది. "మల్లన్నా, నిన్నటిది మంచిగ ఆగిందా?" "కాక, నీది మారుస్త, జరసేపాగు." పరశురాములు వచ్చాడు. వాడికీ అలాగే చూసి ఇచ్చింది. "సెక్రటరీసాబ్, గీ బ్యాటరీల కాగితం రేపు మేనేజర్ దగ్గర పెడుదాం, జర సంతకం పెట్టు" అంది. వాడు దీపం టోపీకి తగిలించుకుంటూ, "నువ్వే రాసియ్యి అక్కా" అన్నాడు.

చాయ్ చల్లారిపోయింది. ఇంకొకటి చెప్పాను.

మార్చి 13, 14, 15

రాయడానికి ఏమీ లేదు. సిద్దిరాములు నిన్న చాయ్ తాగాడు.

మార్చి 19

ల్యాంప్ రూమ్ కిటికీ పక్కన నోటీసు పెట్టిందని సిద్దిరాములే వచ్చి చెప్పాడు. మళ్లీ చాయ్ మిషతో పోయాను.

తెల్ల కాగితం, నీలి సిరా, గ్రేస్ దస్తూరి. రంగుల్లేవు, జెండా లేదు, సంతకం కూడా లేదు.

పన్నెండు లక్షల దాకా పన్ను లేదన్నది ఏప్రిల్ ఒకటి నుంచి వచ్చే సంపాదనకు. ఈ ఏడాది కోసిన పన్ను పాత రేట్ల ప్రకారం కోసినదే, అది తిరిగి రాదు. వచ్చే ఏడాది పన్నెండు లక్షలు కొంచెం దాటినవాళ్లు భయపడనక్కరలేదు, పన్ను ఆ దాటిన సొమ్ము కంటే ఎక్కువ ఉండదు, ప్లేడే మానితే నష్టం మీకే. కొత్త లెక్కా పాత లెక్కా అని ఆఫీసువాళ్లు అడుగుతారు, ఇంటి లోను ఉన్నవాళ్లు రెండూ వేయించుకుని చెప్పండి. రెండో షిఫ్టు వేళ ల్యాంప్ రూమ్ దగ్గర అడిగితే చెబుతాను. మాఫీ అనే మాట ఇందులో ఎక్కడా లేదు, ఎందుకంటే ఇది మాఫీ కాదు.

ఇంతే. నేను దాని ముందు నిలబడి, రచయితగా చూశాను. ఒక పోలిక లేదు. బండ లేదు, చెమట లేదు. 'దాటిన' అనే మాట పక్కపక్కనే రెండుసార్లు పడింది. చదివితే గొంతు ఎక్కడా పైకి లేవదు.

నా పక్కన ఇద్దరు కోల్‌కట్టర్లు నిలబడి చదువుతున్నారు. ఒకడు వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. రెండోవాడు, "గా పాత లెక్క సంగతేందో మళ్ల చదువురా" అన్నాడు. వాళ్లు పోయాక ఇంకో ముగ్గురు వచ్చారు. వాళ్ల వెనక పరశురాములు కూడా ఉన్నాడు, చేతిలో ఇంటి లోను కాగితం.

నా అర్జీ మూడు పేజీలు ఎవరైనా చివరిదాకా చదివారా? ఢిల్లీ కార్డు పంపినవాడు కూడా చదివి ఉండడు.

జేబులో కలం ఉంది. 'దాటిన' ఒకటి కొట్టేద్దామని చెయ్యి వెళ్లింది. కిటికీలోంచి గ్రేస్ చూస్తోంది.

"ఏంది బాపూ, తప్పున్నదా?"

"లేదు బిడ్డా" అన్నాను.

వెనకవాళ్లకు అడ్డంగా ఉన్నానని పక్కకు జరిగాను.